తల తెగితే అన్నీ కొమ్ముకోనాలే

సముద్రంలో పడితే ఇలస, గోదావరికి ఎదురీదితే పులస. ఒకే చేపకు రెండు పేర్లు, రెండు ధరలు పెట్టుకున్న వాళ్లం. అలాంటి మనం మూడు వేర్వేరు చేపల్ని కొమ్ముకోనం అని ఒకే గాటన కట్టేశాం. తెరచాప చేప, మార్లిన్, కత్తిచేప అన్నీ అందులోకే వస్తాయి. పేరులో కోనం ఉందని వంజరానికి దగ్గరి చుట్టాలనుకుంటే అదీ పొరపాటే. విజయవాడలో బందరు రోడ్డూ విశాఖ–చెన్నై రహదారీ కలిసే బెంజ్ సర్కిల్‌ దగ్గర ఈ చేపను ముక్కగా కొనేవారికి మధ్యలో వెన్నుపూస, పక్కల ముదురెరుపు కండ తప్ప మరేమీ కనపడవు. రేవులో కత్తి పడకముందే జాతి పేరు రాసుకోవాలి, ఆ పేరు దుకాణం దాకా రావాలి అని నేననేది అందుకే.

ఎందుకంటే వీటిని గుర్తుపట్టించే అవయవాలే ముందుగా తెగిపోతాయి. తెరచాప చేప వీపు రెక్క దాని ఒంటి వెడల్పును మించిన ఎత్తు. వేగంగా ఈదేటప్పుడు వీపు గాడిలోకి మడిచేసుకుంటుంది, కవళ్ల గుంపును కమ్ముకునేటప్పుడు విప్పుతుంది. కొమ్ము నిజానికి సాగిన పైదవడ. ఈటెలా పొడవడానికి కాదు, గుంపులోకి మెల్లగా దూర్చి అడ్డంగా కొట్టడానికి. ఆ కొమ్ము తెరచాప చేపకూ మార్లిన్‌కూ గుండ్రం, కత్తిచేపకు చదును. పొట్ట కింద సన్నటి పొడవాటి రెక్కలు తెరచాప చేపకుంటాయి, కత్తిచేపకు అసలుండవు. అన్నిటికంటే వింత కంటి వెనక ఉంది: అక్కడి కండరం ముడుచుకోవడం మానేసి వేడి పుట్టిస్తుంది, చల్లటి లోతుల్లోనూ కంటినీ మెదడునూ వెచ్చగా ఉంచుతుంది. (తెరచాప చేపది గంటకు 110 కిలోమీటర్ల వేగమన్న ప్రచారం మాత్రం నమ్మనక్కర్లేదు. కండరాలను పరీక్షించినవారు అందులో సగానికి మించదన్నారు.)

ట్యూనా కోసం వేసిన వలలో పడ్డదానికి ఇంత రాద్ధాంతమా అనవచ్చు. పట్టొద్దని ఎవరూ అనడం లేదు. పడవ మీదే కొలతలు తీయమనడం లేదు కూడా. అక్కడది ప్రాణాపాయం: 2022లో విశాఖ తీరంలో కొమ్ముకోనం పొడిచి ఒక మత్స్యకారుడు ప్రాణం పోగొట్టుకున్నాడు. జాతి రాసుకుని కొలతలు తీసే పని గిలకలదిండి లాంటి హార్బర్లలో ప్రభుత్వ సిబ్బందిది. కొనేవాడికి రుచి చాలు, జాతితో పనేమిటనే మాట ఇంకా బలహీనం. గర్భిణులు, పిల్లలు తినకూడదని అమెరికా ఆహార, ఔషధ సంస్థ చెప్పే పాదరసం ఎక్కువుండే చేపల్లో మార్లిన్, కత్తిచేప ఉన్నాయి. ఏది ఏదో తెలియకుండా ఆ హెచ్చరిక ఎవరికి పనికొస్తుంది?

భారత్ సభ్యదేశంగా ఉన్న హిందూ మహాసముద్ర ట్యూనా కమిషన్ 2018లో తెరచాప చేపకు ఏటా 25,000 టన్నుల హద్దు పెట్టింది. మార్లిన్లకు జాతికొక హద్దు వేరే. 60 సెంటీమీటర్లకు తక్కువున్న వాటిని సముద్రంలోకే వదిలేయాలంది. ఆ కొలత కొమ్ము కొస నుంచి కాదు, కింది దవడ నుంచి తోక చీలిక దాకా. కొమ్ము విరిగిపోతుంది కాబట్టి ఆ జాగ్రత్త. తలా తోకా లేని ముక్కకు టేపు ఎక్కణ్నుంచి పట్టాలో మాత్రం ఏ నిబంధనా చెప్పలేదు.