సూరత్ వజ్రాల మార్కెట్: గిరాకీ తిరిగొస్తే చాలునా?

మిర్చి, పసుపు, బెల్లం ధరలు చూసుకొనే పాఠకులకు వజ్రం ధరతో పని తక్కువ. అయినా గుజరాత్‌లోని సూరత్ నగరం సంగతి పట్టించుకోదగినది. ప్రపంచంలో సానపట్టే ప్రతి పది వజ్రాలలో తొమ్మిది అక్కడే తయారవుతున్నాయని వర్తకుల లెక్క. 2022 తర్వాత ఆ మార్కెట్‌ను పట్టుకున్న మాంద్యం ఎప్పుడు వదులుతుందని అడిగితే వాణిజ్య వర్గాలు చెప్పే సమాధానం ఒక్కటే: అమెరికాలో గిరాకీ పెరగాలి, చైనా మళ్లీ కొనాలి, సుంకం తగ్గాలి. ఈ మూడూ జరిగినా పాత సూరత్ తిరిగి వస్తుందని నమ్మడం కష్టం.

పతనం ఎంతటిదో ఎగుమతులే చెబుతాయి. 2021-22లో మన దేశం నుంచి సుమారు 2,440 కోట్ల డాలర్ల విలువైన సానపట్టిన వజ్రాలు విదేశాలకు వెళ్లాయి. 2023-24లో ఆ మొత్తం 1,600 కోట్లకు, 2024-25లో 1,330 కోట్లకు దిగజారింది. మూడేళ్లలో 1,100 కోట్ల డాలర్ల వ్యాపారం తుడిచిపెట్టుకుపోయింది. 2023 అక్టోబర్ 15 నుంచి రెండు నెలలపాటు ముడి వజ్రాల దిగుమతిని వ్యాపార సంఘాలే స్వచ్ఛందంగా ఆపుకున్నాయి. సరుకు తగ్గితే ధర నిలబడుతుందని వారి ఆశ. అది కొద్ది వారాల ముచ్చటే అయింది. 2024 చివరకు డీ బీర్స్ వంటి గనుల సంస్థ దగ్గరే సుమారు 200 కోట్ల డాలర్ల నిల్వలు పేరుకున్నాయి.

కారణాలు ఒకదానిపై ఒకటి వచ్చి పడ్డాయి. ఉక్రెయిన్ యుద్ధం తర్వాత రష్యా వజ్రాలపై జీ-7 దేశాలు 2024 జనవరిలో నిషేధం విధించాయి. మార్చి నుంచి మూడో దేశంలో సానపట్టిన రష్యా రాయికీ దాన్ని వర్తింపజేశాయి. చైనాలో పెళ్లిళ్లు తగ్గాయి. చేసుకొనేవారు కూడా వజ్రం కంటె బంగారాన్నే నమ్ముతున్నారు. 2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచింది. పత్రికలలో ఎక్కువగా కనిపించినది ఈ సుంకమే. సుంకం సంతకంతో వచ్చింది, మరో సంతకంతో పోగలదు. అది పోయినా పోని చిక్కు మరొకటి ఉంది.

అది ప్రయోగశాలలో పెంచిన వజ్రం. చిన్న వజ్రపు పలకను విత్తనంగా పెట్టి, మీథేన్, హైడ్రోజన్ వాయువులతో కొన్ని వారాలలో పెంచే ఈ రాయిని అనుభవజ్ఞుడైన వర్తకుడు కూడా వట్టి కంటితో గుర్తించలేడు. డీ బీర్స్ సంస్థ 2018లో ఇటువంటి రాళ్లను క్యారెట్ 800 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. 2025లో ఆ వ్యాపారాన్ని మూసివేస్తున్నట్లు ప్రకటించింది. మధ్యలో నగలకు వాడే కృత్రిమ వజ్రాల టోకు ధర 90 శాతం పడిపోయిందని ఆ సంస్థే చెప్పింది. అమెరికాలో 2024 నాటికి దాదాపు సగం నిశ్చితార్థపు ఉంగరాలలో ఈ రాయే ఉన్నదని అక్కడి సర్వేలు తేల్చాయి. వజ్రాల వ్యాపారంలో ఇంతటి మార్పు ఇంత తక్కువ కాలంలో వచ్చిన సందర్భం అరుదు.

సూరత్‌కు కష్టాలు కొత్త కాదు. 1994లో ప్లేగు భయంతో లక్షలాది జనం ఊరు విడిచి రైలెక్కారు. 1995లో కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు హయాంలో మురికికి పేరుపడిన ఆ ఊరే పరిశుభ్రతకు పేరు తెచ్చుకున్నది. 2006లో తపతి వరద నగరాన్ని ముంచింది, తర్వాత వ్యాపారం మళ్లీ లేచింది. 2008లో అమెరికా బ్యాంకులు కూలినప్పుడు సానరాళ్లు ఆగాయి, పనివారు సౌరాష్ట్ర పల్లెలకు వెళ్లిపోయారు. రెండేళ్లు తిరిగేసరికి అత్యధికులు వెనక్కి వచ్చారు. ఈ చరిత్ర చూసి ఈసారీ అలాగే జరుగుతుందని పెద్ద వర్తకులు ధీమాగా ఉన్నారు. కాని 2008లో కొనుగోలుదారు చేతిలో డబ్బు లేక ఆగాడు. డబ్బు రాగానే అదే రాయి కొన్నాడు. ఈసారి అతని చేతిలో డబ్బు ఉంది, దుకాణానికి వస్తున్నాడు, కొంటున్నాడు. కొంటున్నది వేరే రాయి.

ఆ వేరే రాయిని కూడా సూరతే సానపడుతున్నది కదా అని వాదించేవారున్నారు. నిజమే. 2023లో మన ప్రధాని అమెరికా అధ్యక్షుని సతీమణికి బహూకరించిన ఏడున్నర క్యారెట్ల వజ్రం అటువంటిదే. అయితే 2024-25లో ఈ రకం సానపట్టిన వజ్రాల ఎగుమతి 130 కోట్ల డాలర్ల లోపే, అదీ అంతకుముందు సంవత్సరం కంటె తక్కువ. 1,100 కోట్ల గొయ్యి 130 కోట్లతో పూడదు. సానపట్టే శ్రమ రెండు రాళ్లకూ ఒకటే, కాని ధర ఏటేటా జారుతున్న రాయికి యజమాని కూలి పెంచి ఇస్తాడని ఎవరూ అనుకోరు.

దెబ్బ తగిలినది ఆ కూలి దగ్గరే. సూరత్‌లో పనివారిని రత్నకళాకారులు అంటారు. బిరుదు ఘనమైనదే గాని, వారిలో చాలామందికి లెక్క రాయికి ఇంత అని. ఎక్కువమంది అమ్రేలీ, భావనగర్ ప్రాంతాల రైతు బిడ్డలు. సరుకు మందగిస్తే ముందు గంటలు తగ్గుతాయి, తర్వాత వారంలో రోజులు తగ్గుతాయి, ఆ పైన దీపావళి సెలవులు పొడుగవుతాయి. 2024 ఆగస్టులో ఒక పెద్ద సంస్థ తన 50 వేల మంది పనివారికి పది రోజుల సెలవు ప్రకటించినప్పుడు గాని మాంద్యం సంగతి దేశానికి పూర్తిగా తెలియలేదు. చిన్న కర్మాగారాలలో అప్పటికే చాలా సానరాళ్లు ఆగి ఉన్నాయి. పనిలోనుంచి ఎవరినీ తీసివేసినట్లు కాగితం పుట్టదు. రాయి ఇవ్వడం మానేస్తారు, అంతే.

2025 మేలో గుజరాత్ ప్రభుత్వం సహాయం ప్రకటించింది. పని పోయిన కళాకారుల పిల్లలకు ఏడాది పాటు 13,500 రూపాయల వరకు స్కూలు ఫీజు, చిన్న కర్మాగారాలకు 5 లక్షల దాకా రుణంపై 9 శాతం వడ్డీ రాయితీ, విద్యుత్ సుంకం మినహాయింపు అందులో ఉన్నాయి. ఆలస్యమైనా మంచి పనే. కాని అది మాంద్యం ఏడాదిలో తీరుతుందనే లెక్క మీద వేసిన పథకం. పైగా పేరు ఏ రిజిస్టరులోనూ లేని మనిషి పని పోయిందని ఎలా రుజువు చేస్తాడు? ప్రావిడెంట్ ఫండ్, ఈఎస్ఐ పత్రాలు లేనివారే ఈ వృత్తిలో పెక్కుమంది.

వజ్రం పోతే బట్ట ఉన్నది కదా అని మరో మాట వినిపిస్తుంది. సూరత్ పాలియెస్టర్ చీరలు లేని బట్టల దుకాణం మన జిల్లాలలో వెతికినా దొరకదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి తరలిన పద్మశాలీలు లింబాయత్ వంటి పేటలలో స్థిరపడ్డారు. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు కూడా నడుపుతున్నది. మరమగ్గాలకు గిరాకీ ప్రధానంగా దేశంలోని పెళ్లిళ్లు, పండుగల నుంచే కనుక అమెరికా దుమారం వాటికి తక్కువగా తగిలింది. నగరం పూర్తిగా చితికిపోకపోవడానికి ఈ బట్టే కారణం. అయినా ఇరవై ఏళ్లు భూతద్దంలో రాయి చూసిన మనిషి మగ్గం దగ్గర కొత్త కూలీయే. ఎంబ్రాయిడరీ యంత్రాల దగ్గర చేరినవారికీ పాత సంపాదన దక్కడం లేదు.

తవ్విన వజ్రం వ్యాపారం చిన్నదై, ఖరీదైన రాళ్లకు పరిమితమై నిలబడవచ్చు. నగరం మిగతా చేతులకు నగల తయారీలో పని చూపగలగాలి. రాయిని సానపట్టి పంపడం కంటె ఉంగరం చేసి పంపితే లాభంలో ఎక్కువ పాలు ఇక్కడే ఉంటుంది. దానికి శిక్షణ కావాలి, పెట్టుబడి కావాలి, ఏ రాయి గనిది, ఏ రాయి ప్రయోగశాలదో బిల్లుపై తప్పనిసరిగా రాసే క్రమశిక్షణ కావాలి. చివరిది వర్తకుల చేతిలోనే ఉంది. రెండు రకాలూ ఒకే పొట్లంలో కలిసిపోయాయన్న అనుమానం విదేశీ కొనుగోలుదారుకు ఒక్కసారి పుడితే మిగిలిన ధర కూడా మిగలదు.

2023 డిసెంబర్ 17న ప్రధాని ప్రారంభించిన సూరత్ డైమండ్ బూర్స్‌లో 4,500కు పైగా కార్యాలయాలున్నాయి. 2024లో వాటిలో చాలా భాగం తలుపులు తెరవలేదు. వర్తకం పాత మహీధర్‌పురా వీధులలోనే నడిచింది. ఆ భవనం నిండినంత మాత్రాన నగరం కోలుకున్నదని చెప్పడానికి లేదు. దీపావళికి సౌరాష్ట్ర వెళ్లిన పనివారిలో ఎందరు వరాఛా రోడ్డు అద్దె గదులకు తిరిగి వచ్చారు, వచ్చినవారికి రాయికి ఎంత ఇస్తున్నారు అన్న రెండు లెక్కలే ముందు చూడవలసినవి.