కొండ కింద కాపురం... కొండ చూసే తీరికేదీ?

తిరుపతిలో కాపురం అంటే చుట్టాలకు కరువుండదు. "దర్శనానికి వస్తున్నాం, ఒక పూట మీ ఇంట్లో దిగుతాం" అని కబురు రాని నెల ఉండదు. వచ్చినవాళ్ళకు కాఫీలు, టిఫిన్లు. వాళ్ళు కొండ దిగి వచ్చేసరికి వేడివేడి అన్నం. మర్నాడు వాళ్ళు చంద్రగిరి కోటో, జంతు ప్రదర్శనశాలో చూసుకుని వెళ్ళిపోతారు. మనం గిన్నెలు సర్దుకుంటూ వంటింటి కిటికీలోంచి అదే కొండను చూస్తూ ఉండిపోతాం.

పోయిన నెల మా పక్కింటి వదినను అడిగాను, "తలకోన వెళ్ళారా వదినా?" అని. "లేకేం! నాలుగుసార్లు అందరికీ పులిహోర కలిపి పంపించానుగా!" అంది. నవ్వుతూనే అంది గానీ, నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆమె కలిపిన పులిహోర నాలుగుసార్లు తలకోన చూసింది. ఆమె చూడలేదు. "ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి కదా" అట!

అందుకే అక్కయ్యలూ, ఈ వారం ఇల్లు సర్దుకోవడం గురించి కాదు, ఇల్లు దాటడం గురించి చెప్పుకుందాం. దూరాభారాలు వద్దు. పొద్దున వెళ్ళి చీకటి పడేలోగా ఇంటికి చేరే చోట్లే.

మన వెనకాల ఉన్నది మామూలు అడవి కాదు. శేషాచలం కొండల్లో కొంత భాగాన్ని 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ వనంగా ప్రకటించారు. 2010లో శేషాచలం జీవావరణ రక్షిత ప్రాంతం అయింది. ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తంమీద మన ఈ దక్షిణపు తూర్పు కనుమల్లోనే. మొసలి చర్మంలాగా గళ్ళుగళ్ళుగా పగిలిన బెరడు కనబడితే అదే ఎర్రచందనం అనుకోండి. పిల్లలకు చూపించండి. పరదేశాల వాళ్ళు ఈ చెట్టు కోసం ఎగబడుతుంటే, పక్కనే ఉండే మన పిల్లలకు అది ఎలా ఉంటుందో తెలియకపోతే ఎట్లా?

ముందు అరపూట ప్రయాణాలు. పొద్దున్నే ఇంటి పని ముగించుకుని మధ్యాహ్నం భోజనం వేళకు రావచ్చు. కపిలతీర్థం ఊళ్ళోనే ఉంది. మనకు ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కదా, ఆ రోజుల్లో కొండ మీంచి కోనేట్లోకి దూకే నీళ్ళను చూడాలి. ఎండాకాలం వెళ్ళి "ఏముందక్కడ?" అంటే కపిలేశ్వరుడి తప్పు కాదు!

ఈసారి కొండకు వెళ్ళేటప్పుడు బస్సులో కునుకు తియ్యకుండా ఘాట్ రోడ్డు పక్కనున్న రాళ్ళను గమనించండి. కింద గ్రానైటు లాంటి పాతరాయి, దానిమీద పొరలు పొరలుగా పేర్చినట్టు ఇంకోరకం రాయి. ఆ రెండిటికీ మధ్య కోట్ల సంవత్సరాల తేడా ఉంది. భూగర్భ శాస్త్రజ్ఞులు దేశం నలుమూలల నుంచి వచ్చి చూసి వెళ్ళే చోటు అది. పైన చక్రతీర్థం దగ్గర శిలాతోరణం ఉంది. గాలీ నీరూ కలిసి చెక్కిన రాతి వంపు. వెడల్పు సుమారు 8 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు. దర్శనం అయ్యాక లడ్డు చేతికందగానే బస్సెక్కేసే అలవాటు ఒక్కసారి మానుకుంటే ఇదీ, ఆకాశగంగ, పాపవినాశనం కూడా చూసి రావచ్చు.

చంద్రగిరి తిరుపతికి పది పన్నెండు కిలోమీటర్లే. బస్సులకు కొదవ లేదు. పెనుకొండ తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన ఊరు. 1639లో ఇంగ్లీషు కంపెనీ వాళ్ళకు చెన్నపట్నంలో చోటు దొరికింది ఈ చంద్రగిరి రాజుల ఏలుబడిలోనే. రాజమహల్, రాణీమహల్ చూసి, ఎదురుగా నిలబడ్డ కొండను చూస్తూ చెట్టు నీడన కాసేపు కూర్చుంటే చాలు, ఒంటి అలసట తీరిపోతుంది. రాజమహల్లోనే పురావస్తు ప్రదర్శనశాల ఉంది. శుక్రవారం సెలవు, ఆ రోజు పెట్టుకోకండి. దారిలోనే శ్రీనివాస మంగాపురం. స్వామి, పద్మావతి అమ్మవారు పెళ్ళయ్యాక ఇక్కడ ఆరు నెలలు ఉన్నారని మన పెద్దలు చెప్పే కథ. ఇక్కడి నుంచి కాస్త ముందుకు వెళితే శ్రీవారి మెట్టు. అలిపిరి మెట్లు సుమారు 3550 అయితే, ఇవి 2388. నిలువుగా ఉంటాయి, కాబట్టి మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళు తొందరపడకండి.

పిల్లలు వెంట ఉంటే జంతు ప్రదర్శనశాల సరే. 1987లో మొదలైంది, కొండ కిందే, చెట్ల మధ్య. నడక చాలా ఉంటుంది. పొద్దున్నే వెళ్ళండి. ఎండెక్కితే జంతువులూ పడుకుంటాయి, పిల్లలూ సతాయిస్తారు.

ఇక పొద్దస్తమానం గడిపి వచ్చే చోటు తలకోన. తిరుపతి నుంచి సుమారు 60 కిలోమీటర్లు. రంగంపేట, భాకరాపేట, నెరబైలు మీదుగా దారి. సుమారు 270 అడుగుల ఎత్తు నుంచి పడే నీళ్ళు, మన రాష్ట్రంలో ఇంత ఎత్తైన జలపాతం ఇంకొకటి లేదంటారు. కింద సిద్ధేశ్వరస్వామి గుడి. అడవిలో పెద్ద చెట్లకు చుట్టుకుపోయిన గిల్లతీగ చూస్తే, తీగ అనడానికి నోరు రాదు. మన నడుమంత లావు! రాతి నెర్రెల్లో అదృష్టం బాగుంటే బంగారు బల్లి కనబడుతుంది. పసుపు రాసుకున్నట్టు ఉంటుంది. దాన్ని తరమకండి, అది దాని ఇల్లు.

అంత దూరం వద్దనుకుంటే పుత్తూరు వైపు నారాయణవనం. స్వామివారి పెళ్ళి జరిగిన ఊరని ప్రతీతి. గుడి చూసుకుని, దగ్గర్లోని కైలాసనాథకోనకు వెళ్ళండి. ఎండల్లో కూడా సన్నగానైనా నీరు పడుతుందని దానికి పేరు.

"ఇదంతా బాగానే ఉంది, కారెక్కడిది?" అంటారా? 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు డబ్బులు లేవు కదా! ఆధార్ కార్డు పర్సులో పెట్టుకుని, నలుగురు కలిసి చంద్రగిరికి బయల్దేరితే ఎవరి చెయ్యి చూడక్కర్లేదు. తలకోనకు మాత్రం తిరుగు బస్సు ఎప్పుడుందో ముందే కనుక్కోండి. లేదంటే రెండు మూడు కుటుంబాలు కలిసి బండి మాట్లాడుకోండి.

ఇప్పుడు అసలు సంగతి, సద్ది. తెల్లవారుజామున మూడింటికి లేచి నాలుగు రకాలు వండితే, అక్కడికి వెళ్ళేసరికి మనకు వచ్చేది నిద్రే. ఒక్క పులిహోర, ఒక్క పెరుగన్నం చాలు. పులిహోర గుజ్జు ముందురోజే ఉడికించి పెట్టుకోండి. పెరుగన్నం పుల్లబడకుండా ఉండాలంటే మెత్తగా వండిన అన్నంలో కాచిన పాలు ధారాళంగా పోసి, గోరువెచ్చగా అయ్యాక ఒక్క గరిటె పెరుగు కలపండి. మధ్యాహ్నానికి చక్కగా తోడుకుంటుంది. కొబ్బరి చట్నీ వద్దు, ఎండకు పాడవుతుంది. చెనక్కాయల పొడి తీసుకెళ్ళండి. నిప్పట్లు, బొరుగులు చిరుతిండికి. పళ్ళు, కవర్లు చేతిలో ఊపుకుంటూ నడవకండి, కోతులు లాక్కుపోతాయి. నీళ్ళు స్టీలు సీసాల్లో పట్టుకోండి. మిగిలిన మెతుకు, కవరు, ఆకు ఏదీ అక్కడ పారెయ్యకుండా ఒక సంచీలో ఇంటికి తెచ్చుకోండి. మన వాకిట్లో చెత్త వేస్తే ఊరుకుంటామా?

జాగ్రత్తలు కూడా చెప్పుకోవాలి, భయపెట్టడానికి కాదు. 2021 నవంబరు వానలకు కపిలతీర్థం దగ్గర వరద ఎట్లా దూకిందో అందరం చూశాం. శ్రీవారి మెట్టు దారి దెబ్బతిని, 2022 మే దాకా తెరవలేకపోయారు. తుపాను కబురు ఉన్నప్పుడు, పైన కొండల్లో వాన పడుతున్నప్పుడు ఏ కోనకూ వెళ్ళొద్దు. మన నెత్తిన చినుకు లేకపోయినా వంక ఒక్కసారిగా పొంగుతుంది. నీళ్ళు ఎర్రగా మారితే వెంటనే గట్టెక్కండి. 2023లో తలకోన గుండంలోకి పైనుంచి దూకిన ఒక విద్యార్థి రాళ్ళ మధ్య ఇరుక్కుని ప్రాణం పోగొట్టుకున్నాడు. "ఒక్క ఫొటో అమ్మా" అన్నా సరే, మగపిల్లల్ని దూకనివ్వకండి. అటవీశాఖ వాళ్ళు వద్దన్న చోట కాలు కూడా పెట్టనివ్వకండి. నాచు పట్టిన బండల మీద పట్టుచీర, జారే చెప్పులు పనికిరావు. నూలు బట్టలు, పట్టున్న చెప్పులు వేసుకోండి, మార్చుకోవడానికి ఒక జత ఉంచుకోండి.

అదే ఏడాది ఆగస్టులో అలిపిరి దారిలో రాత్రివేళ, అమ్మానాన్నల కన్నా ముందు నడుస్తున్న ఆరేళ్ళ పాపను చిరుత ఎత్తుకుపోయింది. ఆ తల్లి కడుపుకోత తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. ఆ తర్వాత నడకదారిలో పిల్లలకు వేళలు పెట్టారు. ఇవి మారుతుంటాయి కాబట్టి వెళ్ళేముందు కనుక్కోండి. పిల్లల చెయ్యి వదలకండి. వెనకా ముందూ పెద్దవాళ్ళు, మధ్యలో పిల్లలు, ఇదీ వరస. మధ్యాహ్నం మూడు గంటలకల్లా తిరుగుముఖం పట్టండి. 2022 మార్చిలో నిశ్చితార్థానికి వెళ్తున్న బస్సు భాకరాపేట ఘాట్‌లో లోయలో పడింది కూడా రాత్రిపూటే.

ఇక మా వదిన విషయం. పోయిన ఆదివారం ఆమెను బయల్దేరదీశాం. షరతు ఒక్కటే: వదిన వంటింట్లోకి రాకూడదు. అన్నయ్యగారు పులిహోర కలిపారు, కూతురు పెరుగన్నం చేసింది, కొడుకు నీళ్ళు నింపాడు. తాళం వేసేటప్పుడు వదిన మూడుసార్లు వెనక్కి వెళ్ళి గ్యాసు కట్టేశామో లేదో చూసుకుంది. దారంతా "ఇంట్లో ఎవరూ లేరే" అని గొణుగుడే.

తలకోనలో నీటి తుంపర మొహాన పడగానే గొణుగుడు ఆగింది. చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, లోతు లేని చోట నీళ్ళల్లో కాళ్ళు పెట్టుకుని ఒక బండ మీద కూర్చుంది. అరగంట ఎవరితోనూ మాట్లాడలేదు. "వదినా, ఆకలెయ్యట్లేదా?" అని అడిగితే, "ఉండు, ఇంకాసేపు" అంది.

భోజనాల దగ్గర మాత్రం నోరు విప్పింది. "ఉప్పు తక్కువైంది. పోపులో చెనక్కాయలు మాడిపోయాయి" అని భర్తను దెప్పింది. తర్వాత విస్తరి ముందుకు జరిపి, "ఇంకొంచెం వెయ్యండి" అంది.