మనసు మారిన మొక్కజొన్న సీమ

అమెరికాలోని అయోవా రాష్ట్రానికి ఈశాన్య కొసన, మిన్నెసోటా సరిహద్దుకు దగ్గర్లో ఉంటుంది క్రెస్కో. జనాభా 4 వేలకు అటూ ఇటూ. మన లెక్కన ఓ మోస్తరు పంచాయతీ. చుట్టూ మొక్కజొన్న, సోయా చేలు. ఊళ్లో ట్రెయిలర్లు తయారుచేసే ఫ్యాక్టరీ. భారత్‌కు ఈ ఊరితో పాత బంధమే ఉంది. హరిత విప్లవ పితామహుడు నార్మన్ బోర్లాగ్ 1914లో పుట్టింది ఈ చుట్టుపక్కల పొలాల్లోనే, హైస్కూలు చదువు క్రెస్కోలోనే. కానీ అమెరికా ఎన్నికల పండితులు ఈ ప్రాంతం పేరు వల్లెవేయడానికి కారణం గోధుమ కాదు, ఓటు.

క్రెస్కో కేంద్రంగా ఉన్న హోవార్డ్ కౌంటీ 2012లో బరాక్ ఒబామాకు 20 శాతానికి పైగా ఆధిక్యం ఇచ్చింది. నాలుగేళ్లు తిరిగేసరికి, 2016లో డొనాల్డ్ ట్రంప్‌కూ 20 శాతానికి పైగా ఆధిక్యం కట్టబెట్టింది. దేశంలోని 3 వేల పైచిలుకు కౌంటీల్లో ఇంత బలంగా అటు నుంచి ఇటు ఒరిగింది ఇదొక్కటే. 2008, 2012లలో ఒబామాను గెలిపించి 2016లో ట్రంప్ వైపు తిరిగిన కౌంటీలు దేశం మొత్తమ్మీద 206 ఉంటే, వాటిలో 31 అయోవావే. ఆ రాష్ట్రంలో ఉన్న కౌంటీలే 99.

దీనికి జాతి విద్వేషమే కారణమని తేల్చేయడం తేలిక. కానీ లెక్క కుదరదు. హోవార్డ్‌లో నూటికి 90 మందికి పైగా శ్వేతజాతీయులే. ఒక నల్లజాతి నేతను రెండుసార్లు గెలిపించింది వాళ్లే. వలసలపై ట్రంప్ మాటలు కొందరిని ఆకట్టుకుని ఉండొచ్చు. అయితే 2008లో ఒబామా, 2016లో ట్రంప్ అమ్మిన సరుకుకు ఉన్న ఒకే పేరు 'మార్పు'. వాషింగ్టన్ పెద్దలు తమను పట్టించుకోవడం లేదన్న కడుపుమంట ఉన్న చోట రెండుసార్లూ అది చెల్లుబాటైంది. 2012లో రిపబ్లికన్ అభ్యర్థి మిట్ రామ్నీ కంపెనీలను కొని అమ్మిన కోటీశ్వరుడిగా కనిపించారు. 2016లో హిల్లరీ క్లింటన్‌కు పాత వ్యవస్థ ముద్ర పడింది. ఆమె భర్త హయాంలో, 1994లో అమల్లోకి వచ్చిన నాఫ్టా ఒప్పందం ఫ్యాక్టరీలను మెక్సికోకు తరలించిందన్న కోపం మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో అప్పటికీ చల్లారలేదు. ట్రంప్ సరిగ్గా దాన్నే పట్టుకున్నారు.

అయోవా ఓటరు పార్టీకి కట్టుబానిసగా ఎన్నడూ లేడు. కరడుగట్టిన రిపబ్లికన్ చక్ గ్రాస్లీని, ఉదారవాద డెమొక్రాట్ టామ్ హార్కిన్‌ను ఏకకాలంలో 30 ఏళ్ల పాటు (1985-2015) సెనేట్‌కు పంపిన రాష్ట్రమిది. ఓటరు నమోదు పత్రంలో ఏ పార్టీ వాడో రాసే వీలున్న ఆ దేశంలో, 'ఏ పార్టీ కాదు' అని రాసుకునేవారు అయోవాలో పెద్ద సంఖ్యలోనే ఉంటారు. అందుకే 2016 ఫలితాన్ని చాలామంది గాలివాటు అనుకున్నారు. అలా జరగలేదు. హోవార్డ్ 2020లోనూ, 2024లోనూ ట్రంప్ వెంటే నడిచింది. 2012లో ఒబామాకు 6 శాతంలోపు ఆధిక్యమిచ్చిన అయోవా, 2024లో ట్రంప్‌కు 13 శాతం ఇచ్చింది.

విచిత్రమేమిటంటే, ఈ మధ్యలో దెబ్బతిన్నది ఆ రైతులే. 2018లో ట్రంప్ సుంకాలకు బదులుగా చైనా అమెరికా సోయాపై 25 శాతం సుంకం వేసింది. ధరలు పడిపోతే ప్రభుత్వం ఆ ఏడాది 1,200 కోట్ల డాలర్ల దాకా, మరుసటి ఏడాది 1,600 కోట్ల డాలర్ల దాకా సాయం ప్రకటించి రైతులను ఆదుకోవాల్సి వచ్చింది. 2025లో చైనా కొన్ని నెలలపాటు కొత్త కొనుగోళ్లే ఆపేసింది. అయినా 2020, 2024లలో ఓటు చెక్కుచెదరలేదు. జేబుకన్నా 'మనవాడు' అన్న భావన బరువైనదని తేలింది.

నష్టం మరో రూపంలో వచ్చింది. అధ్యక్ష అభ్యర్థిత్వ పోరు అయోవాలో మొదలు కావడం దశాబ్దాల ఆనవాయితీ. 2008 జనవరి 3న ఇక్కడ గెలిచాకే ఒబామాను దేశం సీరియస్‌గా తీసుకుంది. 2023లో డెమొక్రాట్లు ఆ తొలి స్థానాన్ని సౌత్ కరోలినాకు ఇచ్చేశారు. ఓటు ఎటు పడుతుందో తెలియనప్పుడు రెండు పార్టీల నేతలూ క్రెస్కోలాంటి ఊళ్ల గుమ్మం తొక్కుతారు. ముందే తెలిసిపోతే ఒకరు రానక్కర్లేదనుకుంటారు, మరొకరు వచ్చి ఏమీ ఇవ్వనక్కర్లేదనుకుంటారు. చిన్న ఊరికున్న ఏకైక పెట్టుబడి ఆ అనిశ్చితే.

ఇదంతా పరాయి ఊరి గోల అనుకోవడానికీ లేదు. 2025 ఆగస్టులో ట్రంప్ భారత సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతులు వణికిపోయారు. ఆంధ్ర రొయ్యకు అతిపెద్ద మార్కెట్ అమెరికాయే మరి. బోర్లాగ్ ఊరివాళ్ల ఓటు ఫలితం పంజాబ్ గోధుమ చేను దాటి, గోదావరి చెరువుల దాకా వచ్చింది.