సీటు ఒప్పందాలు తెరిచి పెట్టండి: మోంజాకు ముందు మా ప్రకటన

ఇటలీలోని మోంజాలో జరిగే ఫార్ములా వన్ రేసును తెర మీద చూడటానికి మమ్మల్ని రావద్దన్నారు. అందుకే ఈ ప్రకటన.

హైదరాబాద్‌లో పెద్ద తెర పెట్టి ఫార్ములా వన్ రేసులు చూపించే ఒక అభిమాన సంఘం ఉంది. దాని పేరు ఇక్కడ రాయం. చందాలు కట్టింది మేము, కుర్చీలు వేసింది మేము, కరెంటు పోతే జనరేటర్‌కు డీజిల్ మోసుకొచ్చింది మేము. 2025 ఆగస్టు 31న, జాండ్‌వోర్ట్‌లో డచ్ రేసు జరిగిన సాయంత్రం, మాలో ఒక కుర్రాడు ఇంట్లో తయారు చేసుకొచ్చిన చార్టును హాలు గోడకు అతికించాడు. ఇరవై సీట్లు, ఇరవై పేర్లు. వచ్చే ఏడాదికి ఒప్పందం ఉన్నవాళ్ల పేర్లు నీలం స్కెచ్ పెన్నుతో, ఈ ఏడాదితో ముగిసేవాళ్లవి ఎర్ర స్కెచ్ పెన్నుతో రాశాడు. సంగతి ఎవరూ బయటపెట్టని పేర్లు పెన్సిల్‌తో రాశాడు. ఈ ఏడాది మెర్సిడెస్ భారమంతా మోస్తున్న రసెల్ పేరు ఎర్రగా ఉంది. ఆల్పీన్ డ్రైవరు కొలపింటో పేరు చెరిపి రాసి, చెరిపి రాసి అక్కడ కాగితం నలిగిపోయింది.

రేసులో హామిల్టన్ ఫెరారీ గోడకు కొట్టుకుని సేఫ్టీ కారు వచ్చింది. ఆ ఖాళీలో మేం చార్టు ముందు నిలబడి మాట్లాడుకుంటున్నాం. నిర్వాహకుల్లో ఒకాయన వచ్చి చార్టును లాగేశాడు. నాలుగు మూలల టేపు ముక్కలు గోడకే మిగిలాయి. "ఇవన్నీ పుకార్లు. రేసు వారాంతంలో ఇక్కడ కాంట్రాక్టుల గొడవ వద్దు. మాట్లాడాలంటే ఇంగ్లీషులో, మెల్లగా మాట్లాడండి. లేదా బయటికి నడవండి" అన్నాడు. కుర్రాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్కనున్నవాళ్లు ఒక్కరూ నోరు మెదపలేదు. సోమవారం మా డబ్బు మాకు తిరిగి పంపి, మోంజా జాబితా నుంచి మా పేర్లు కొట్టేశారు.

డబ్బు తిరిగిచ్చినంత మాత్రాన మర్యాద తిరిగి రాదు.

మోంజా వారంలోనా ఒప్పందాల మాట ఎత్తకూడదు? 1991 ఆగస్టులో స్పాలో రొబెర్టో మొరేనో బెనెటన్ కారులో నాలుగో స్థానం తెచ్చాడు, రేసులో అతి వేగవంతమైన ల్యాప్ కూడా అతనిదే. మరుసటి రేసు మోంజా. అక్కడ ఆ కారులో కూర్చున్నది స్పాలో జోర్డాన్ తరఫున తొలి రేసు నడిపిన షూమాకర్. మొరేనోకు ఒప్పందం ఉంది. ఉన్నా సీటు పోయింది, చివరికి షూమాకర్ ఖాళీ చేసిన జోర్డాన్‌లోనే ఆ వారాంతం గడిపాడు. ఫార్ములా వన్‌లో కాంట్రాక్ట్ రికగ్నిషన్ బోర్డు పుట్టింది ఆ గొడవలోంచే. 2024లో ఇదే మోంజాలో కిమి ఆంటొనెల్లి శుక్రవారం తొలి ప్రాక్టీసులో రసెల్ కారును గోడకు కొట్టాడు. శనివారం పొద్దున మెర్సిడెస్ అతన్నే హామిల్టన్ వారసుడిగా ప్రకటించింది. ఇది రేసు కాదా? టైరు మార్చడం రేసు, సీటు మార్చడం పుకారు అనేవాడికి ఈ ఆట సగమే తెలుసు.

ఇవీ మా మాటలు. సీటు బేరం తెరచాటున జరగకూడదు. టికెట్టు కొన్నవాడికి తెలుసుకునే హక్కు ఉంది. తెలుగులో మాట్లాడితే అభిమానం చిన్నబోదు. పిల్లవాడు అడిగిన ప్రశ్నకు బయటికి పొమ్మనడం జవాబు కాదు. మా తెర ముందు కుర్చీకి కులం లేదు, భాష లేదు, సీనియారిటీ లేదు.

వీటన్నిటికంటే ముందు నిలిచే కోరిక ఒకటుంది. ఈ ప్రకటన రాసింది దానికోసమే. ఫార్ములా వన్‌లో ప్రతి సీటు ఒప్పందాన్ని బహిరంగ రిజిస్టరులో నమోదు చేయాలి.

మేం జీతం అడగడం లేదు. ఎవరికి ఎన్ని కోట్లో, ఎవరి ఇంటి అద్దె ఎవరు కడుతున్నారో మాకు అక్కర్లేదు. మూడే సంగతులు అడుగుతున్నాం. ఒప్పందం ఎప్పటివరకు? పొడిగించే హక్కు జట్టుదా, డ్రైవరుదా? ఏ షరతు మీద మధ్యలో తెంచుకోవచ్చు?

2023 ఆగస్టు 31న మెర్సిడెస్ హామిల్టన్‌తో రెండేళ్ల ఒప్పందం ప్రకటించింది. మనమంతా 2025 చివరిదాకా అని రాసుకున్నాం. 2024 ఫిబ్రవరి 1న ఆయన ఫెరారీ మనిషయ్యాడు. మొదటి ఏడాది తర్వాత వెళ్లిపోయే దారి ఆ కాగితంలోనే ఉందని అప్పుడు తెలిసింది. ఏ తప్పూ చేయని సైంజ్ ఆ ఫెరారీ సీటు పోగొట్టుకుని, ఆ వేసవి దాకా ఎదురుచూసి విలియమ్స్‌కు వెళ్లాడు. 2024 జూన్‌లో పెరెజ్‌కు రెడ్ బుల్‌లో మరో రెండేళ్లు అన్నారు. డిసెంబరులో సాగనంపారు. ఆ సీటెక్కిన లాసన్‌ను రెండు రేసులకే దింపేశారు. డూహన్‌ను ఆల్పీన్ 2025లో ఆరు రేసులు నడపనిచ్చింది. కొలపింటోను తెచ్చి ముందు అయిదు రేసులు అన్నారు, ఆ అయిదూ అయ్యాక లెక్కే మానేశారు. "మల్టీ ఇయర్" అని ప్రకటనలో రాస్తారు. ఎన్నేళ్లో రాయరు.

ఇంకా ఘోరం 2015లో జరిగింది. సౌబర్ జట్టు రెండు సీట్లకు కనీసం ముగ్గురితో ఒప్పందాలు చేసుకుంది. గీడో వాన్ డెర్ గార్డె మెల్‌బోర్న్‌లో కోర్టుకెక్కాడు, గెలిచాడు. శుక్రవారం పాడక్‌లో అతను జట్టులోని మరో డ్రైవరు ఎరిక్‌సన్ రేసింగ్ సూటు తొడుక్కుని నిలబడ్డాడు. తొలి ప్రాక్టీసుకు సౌబర్ ఒక్క కారునూ బయటికి తీయలేదు. చివరికి డబ్బు ఇచ్చి రాజీ చేసుకున్నారు. గ్రాండ్‌స్టాండ్‌లో కూర్చున్నవాళ్లకు ఆ ప్రాక్టీసులో సౌబర్ కార్లు లేని ట్రాక్ మిగిలింది.

ఊళ్లో వంద గజాల జాగా కొనేవాడు కూడా ముందు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి ఈసీ తీయిస్తాడు. ఆ జాగా ఇంతకుముందు ఎవరికి అమ్మారో, ఎవరి దగ్గర తాకట్టులో ఉందో అందులో తేలుతుంది. ఒకే జాగాను ఇద్దరికి అమ్మకుండా కాపాడేది ఆ కాగితమే. లోకమంతా చూసే సీటుకు అలాంటి కాగితం ఎందుకు ఉండకూడదు?

ఉంది కూడా. ఈ మాట గట్టిగా చెబుతున్నాం. జట్లు తమ ఒప్పందాలను జెనీవాలోని కాంట్రాక్ట్ రికగ్నిషన్ బోర్డులో దాఖలు చేస్తాయి. 2022లో పియాస్త్రి గొడవను తేల్చింది ఆ కాగితాలే. ఆగస్టు 2న ఆల్పీన్ అతన్ని తమ డ్రైవరుగా ప్రకటించింది. కొన్ని గంటల్లోనే అతను "నేను నడపను" అన్నాడు. నెల రోజులు లోకమంతా ఆ కుర్రవాణ్ని కృతఘ్నుడని తిట్టింది. సెప్టెంబరు 2న బోర్డు ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది: చెల్లే ఒప్పందం మెక్‌లారెన్‌దే, జులై 4న చేసుకున్నదే. ఆ ఒక్క తేదీ ఆగస్టులోనే జనానికి తెలిసి ఉంటే ఇరవయ్యొక్క ఏళ్ల పిల్లవాడు అన్ని నిందలు మోసేవాడు కాదు. 2025 ఛాంపియన్‌షిప్‌లో అతను 34 పాయింట్ల ఆధిక్యంతో మోంజాకు వస్తున్నాడు.

కాబట్టి కొత్తగా కట్టాల్సిందేమీ లేదు. బీరువా ఉంది, తలుపు తెరవండి. సీజన్ తొలి ప్రాక్టీసుకు ముందు ప్రతి సీటుకూ ఆ మూడు సంగతులు ప్రకటించండి. మార్పు జరిగితే తర్వాతి రేసులోపు నమోదు చేయండి. నమోదు కాని షరతు చెల్లదని నియమం పెట్టండి. ఈ చివరి మాట లేకపోతే మిగతావన్నీ కంటితుడుపే.

వ్యాపార రహస్యం అంటారా? ఉప్పల్ స్టేడియంలో అరిచే పిల్లవాడికి ఐపీఎల్‌లో కమిన్స్‌ను 20.5 కోట్లకు కొన్నారని తెలుసు, క్లాసెన్‌ను 23 కోట్లకు అట్టేపెట్టుకున్నారని తెలుసు. వేలం పాట టీవీలో నడుస్తుంది, అట్టేపెట్టుకున్న ఆటగాళ్ల జాబితా గడువులోపు బయటికొస్తుంది. దానివల్ల ఏ ఆటగాడూ చిన్నవాడైపోలేదు, ఏ జట్టూ మూతపడలేదు. ఊహించడంలోనే మజా ఉందంటారా? మొదటి షికేన్‌లో బ్రేకు ఎవరు ఆలస్యంగా వేస్తారో ఊహించుకుందాం, అది మజా. వెర్‌స్టాపెన్ ఒప్పందంలో ఏ షరతు ఉందో తెలియక వేసవంతా నలిగి, 2025 జులై 31న హంగరీలో ఆయన నోటితో "ఉంటున్నాను" అంటే తప్ప ఊపిరి పీల్చుకోలేకపోవడం మజా ఎలా అవుతుంది?

ఈ దాపరికం మన ఇంటిదాకా వచ్చింది. 2011 అక్టోబరులో గ్రేటర్ నోయిడాలో తొలి భారత గ్రాండ్ ప్రీ. మాలో పెద్దవాళ్లు ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లారు. కరుణ్ చందోక్ సొంత దేశంలో రేసు నడుపుతాడని ఆశ. ఆయనకు శుక్రవారం తొలి ప్రాక్టీసు ఇచ్చి, ఆదివారం రేసు ఇవ్వలేదు. ఆ ఏడాది మధ్యలో సీటు పోగొట్టుకున్న నరైన్ కార్తికేయన్‌ను ఆ రేసుకు తిరిగి పిలిచారు, ఆయన నడిపాడు, ఆయన కోసం గొంతు పోయేలా అరిచాం. కానీ సీటు ఎవరిదో తెలియకుండా టికెట్టు కొన్న బాధ పోలేదు.

2023 ఫిబ్రవరి 11న ఫార్ములా ఈ కార్లు హుస్సేన్‌సాగర్ పక్కన, 2.83 కిలోమీటర్ల సర్క్యూట్ మీద పరుగెత్తాయి. వెర్న్ గెలిచాడు. మన సచివాలయం ముందు, రోజూ బస్సుల్లో వెళ్లే రోడ్డు మీద! 2024 ఫిబ్రవరి 10న మళ్లీ జరగాల్సింది. నెల రోజుల ముందు రద్దయింది. నగరం చేసుకున్న ఒప్పందంలో ఎవరు ఏం చెల్లించాలో, ఎవరు ఎప్పుడు తప్పుకోవచ్చో, అది కేసుల దాకా వెళ్లాకే మనం పేపర్లలో చదివాం. తప్పెవరిదో కోర్టులు తేలుస్తాయి, మేం తీర్పు చెప్పం. ఆ కాగితం మొదటి రోజే జనం ముందుంటే ఆ రోడ్డు మీద రేసు ఉంటుందో ఉండదో మనకు ముందే తెలిసేది. అది మాత్రం మాకు స్పష్టం.

రిజిస్టరు తెరుచుకున్న రోజును ఊహించండి. ఎక్కడో కార్టింగ్ ట్రాక్ మీద తొమ్మిదేళ్ల పాప చక్రం తిప్పుతుంటుంది. ఆమె కోసం పొలం అమ్మాలా వద్దా అని తండ్రి ఆలోచిస్తుంటాడు. ఏ జట్టులో ఏ సీటు ఏ ఏడాది ఖాళీ అవుతుందో, ఏ దారిన వెళ్తే అక్కడికి చేరవచ్చో అతను తన కళ్లతో చదువుకుంటాడు. 2025 మే నెలలో మొనాకోలో కుష్ మైనీ ఫార్ములా టూ స్ప్రింట్ రేసు గెలిచి, ఆ వీధుల్లో మన జాతీయ గీతం మోగించాడు. అతని తర్వాత వచ్చేవాళ్లు తలుపు ఎక్కడుందో తెలియక గోడలు తడుముకోకూడదు. దొరల క్లబ్బుల ఆట అన్నారు దీన్ని. కాదు. వెలుతురు పడిన రోజున ఇది అందరి ఆట అవుతుంది. ఆదిలాబాద్ పిల్లదీ అవుతుంది, అనంతపురం పిల్లవాడిదీ అవుతుంది. అంతదాకా మేం ఊరుకోం.

మమ్మల్ని వెళ్లగొట్టిన సంఘానికి ఒక మాట. క్షమాపణ మాకు చెప్పనక్కర్లేదు, ఆ కుర్రాడికి చెప్పండి. చెప్పేదాకా మీ హాలులో అడుగు పెట్టం, మీ తెరకు చందా ఇవ్వం.

ఇక ఈ వారాంతం సంగతి. శనివారం వినాయక నిమజ్జనం. ఎన్టీఆర్ మార్గ్‌లో క్రేన్ల దగ్గర విగ్రహాలు బారులు తీరే వేళకే, రాత్రి ఏడున్నరకు, మోంజాలో క్వాలిఫయింగ్ మొదలవుతుంది. లారీ మీద ఉన్న మనవాళ్లు ఫోన్లో చూసుకోండి, జాగ్రత్తగా. ఆదివారం సాయంత్రం ఆరున్నరకు రేసు, 53 ల్యాపులు. ఎర్ర కారులో హామిల్టన్‌కు తొలి మోంజా ఇది, అదీ అయిదు స్థానాల గ్రిడ్ శిక్షతో. రామ్‌నగర్‌లో మా సభ్యుడి మేడ మీద ప్రొజెక్టర్ పెడుతున్నాం. టికెట్టు లేదు. ఆ రాత్రి చంద్రగ్రహణం దాదాపు పదింటికి పడుతుంది, అప్పటికి రేసు అయిపోతుంది. నియమం పాటించేవాళ్లు మధ్యాహ్నమే భోజనాలు ముగించి రండి.

మెట్ల దగ్గర బల్ల మీద రిజిస్టరు కోరుతూ రాసిన వినతిపత్రం ఉంటుంది. ఫార్ములా వన్ యాజమాన్యానికీ, అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్యకూ దాన్ని పంపుతున్నాం. చదవండి, నచ్చితే తెలుగులోనే సంతకం పెట్టండి. నచ్చకపోతే కూర్చుని మాతో వాదించండి, ఎవరూ మిమ్మల్ని బయటికి పొమ్మనరు.