చెంచుల చిత్తరువులు

ఇబ్రహీంపట్నపు చెఱువుకట్టపై నిలిచి దక్షిణమునకు జూచువారికి నల్లమల కానరాదు. లండనులోనివారికి మాత్ర మచ్చటి చెంచుల ముఖములు కానవచ్చుచున్నవి. 1940లో అమ్రాబాదు పీఠభూమికి వచ్చి, వారి పెంటలలో నివసించిన హైమెన్‌డార్ఫు పండితుడు తీసిన ఛాయాచిత్రములు నేడు అచ్చటి ప్రాచ్య, ఆఫ్రికా విద్యాలయమున భద్రముగా నున్నవి.

ఈ ఆస్ట్రియా దేశీయుని మేము నిందింపము. 1943లో చెంచులనుగూర్చి గ్రంథము వెలువరించెను. పిమ్మట గోండుల భూములకొఱకు నైజాము ప్రభుత్వమునకు నివేదికలు వ్రాసెను. అంతకుముందు తెల్లదొరలు చేసినది వేఱు. 1868-75 నడుమ ఎనిమిది సంపుటములుగా వెలువడిన ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’లో పెక్కు చిత్రముల క్రింద తెగపేరే గాని మనిషిపేరు లేదు. 1909లో ఏడు సంపుటములు ప్రకటించిన థర్‌స్టన్ దొర తలలును, ముక్కులును గొలిచెను. సంతలో ఎడ్లబేరగాండ్రును పండ్లు చూతురు గదా!

దామెర్ల రామారావుగారు (1897-1925) గోదావరీ సీమను జిత్రించినట్లు మనవాడొకడు నల్లమలను, అందలి జనులను జిత్రించి పేర్లు వ్రాసియుండిన నెంత బాగుండెడిది! ఇప్పటికైనను ఆ ఛాయాచిత్రముల ప్రతులు మన్ననూరు చేరవలెను. పెంటలలోని వృద్ధులకు జూపి, వారు గుర్తించిన పేర్లెల్ల వ్రాయింపవలెను.

చిత్తరువును గాజుపెట్టెలో దాచి మనిషి నడవినుండి వెడలగొట్టుట యేమి న్యాయము? పులుల రక్షణ పేర చెంచులను దరలింప దలచు ప్రభుత్వమువారు 2006 నాటి అటవీ హక్కుల చట్టమును మఱొకమాఱు చదువుకొందురుగాక. గ్రామసభ సమ్మతి లేనిదే తరలింపరాదని అందు స్పష్టముగా నున్నది.