రైతు అంటే ఎవరు?

ఊళ్ళో ఎవరినడిగినా రైతు అంటే సేద్యం చేసేవాడని చెబుతారు. ఆఫీసులో అడిగితే మాత్రం పట్టా వున్నవాడంటారు. ఈ రెండు జవాబుల మధ్య నలిగేది కౌలుదారు.

ఈ రెండక్షరాల మాట చాలా దూరం నుంచి వచ్చింది. అరబ్బీలో దీని ధాతువుకు పశువులను మేపడం, కాయడం అని అర్థం. అక్కడ 'రయ్యత్' అంటే మంద. రాజు కాపరి గనుక ఆయన ఏలుబడిలోని జనానికీ ఆ పేరే పెట్టారు. తురుష్క సుల్తానుల కాలంలో పన్ను కట్టే ప్రజలను 'రెయాయా' అన్నారు. పారశీకం, ఉర్దూల మీదుగా మన వైపు వచ్చి, ఆ మాట శిస్తు కట్టే సేద్యగానికి స్థిరపడింది. సర్కారు వారి 'రాయితీ' కూడా ఈ ధాతువు నుంచి పుట్టిందే.

మలయా భాషలో ఇదే మాట 'రక్యత్' అయింది. అక్కడ ప్రజలని అర్థం. మలేషియా పార్లమెంటు దిగువ సభ పేరు 'దేవాన్ రక్యత్', అనగా ప్రజల సభ.

మన సీమలో ఈ మాట దస్తరానికెక్కింది. 1800 నుంచి 1807 వరకు దత్త మండలాల కలెక్టరుగా వున్న థామస్ మన్రో, జమీందారు లేకుండా రైతు నుంచే నేరుగా శిస్తు వసూలు చేసే పద్ధతి నడిపాడు. అదే రైత్వారీ. శిస్తు లెక్కలో పేరున్నవాడే సర్కారుకు రైతయ్యాడు. ఆ అలవాటు నేటికీ పోలేదు.

కౌలు కూడా అరబ్బీ మాటే. దానికి పలుకు, ఇచ్చిన మాట అని అర్థం. నేటికీ చాలా కౌళ్ళు నోటిమాట మీదే నడుస్తున్నాయి. బ్యాంకు మాత్రం కాగితం అడుగుతుంది. తెలంగాణలో 2018లో వచ్చిన రైతుబంధు పట్టాదారుకే అందింది, కౌలుదారుకు కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2011లో, మళ్ళీ 2019లో సాగుదారుల కోసం చట్టాలు చేశారు. 2019 చట్టం కింద కార్డు రావాలంటే భూయజమాని ఒప్పుకుని సంతకం చేయాలి. సంతకం పెడితే పొలం పోతుందేమోనని యజమాని జంకుతాడు.

యజమాని హక్కుకు భంగం లేదని ఊరూరా గ్రామసభలో చెప్పి ఆ భయం తీర్చడం అధికారుల పని. ఎవరు ఏ చేను సాగు చేస్తున్నారో ఊరందరికీ తెలుసు. ఆ సభలోనే అందరి ఎదుట సాగుదారు పేరు రాసుకుంటే తగాదా వుండదు. వాన చెడినా, తెగులు వచ్చినా పెట్టుబడి పోగొట్టుకునేది అతడే. సాయం అతనికి చేరకపోతే రైతు అనే మాటకు అర్థం లేదు.