నవలాకారుని నెల, ఇల్లాలి గంట

టెలివిజను మన యిండ్లలో పుస్తకమును చంపినదనియు, అందును స్త్రీలు సీరియళ్ల మైకమున బడి చదువు మానుకొనిరనియు సాహిత్యసభలయందు తరచుగా వినుచున్నాము. వినుటయే కాదు, నేనును పది సభలలో ఆ మాట పలికి చప్పట్లు కొట్టించుకొన్నవాడనే. ఈ వేసవిలో ఒక నెల నాళ్లు పెదవేగిలోని మా యింట గడప దాటక కూర్చుండి, నా కాలమునకు లెక్క వ్రాసికొన్న పిమ్మట ఆ మాట అసత్యమని తేలినది. అసత్యమే కాదు, అన్యాయము గూడ. సభలలో పలికిన తప్పును పత్రికాముఖమున ఒప్పుకొనుట న్యాయము గనుక ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

నేను బడిపంతులుగా నుండి విరమించినవాడను, నవలలు వ్రాయువాడను. పెదవేగి యనగా నాటి వేంగి, శాలంకాయనుల రాజధాని. సముద్రగుప్తుని అలహాబాదు స్తంభశాసనమున పేర్కొనబడిన వేంగీశుడు హస్తివర్మ ఈ నేలవాడే. ఆ కాలమును గూర్చి నవల వ్రాయవలెనని నాకు చిరకాలముగా కోరిక. ఎండలు ముదిరి, పామాయిలు తోటల నీడకైనను పోబుద్ధి పుట్టని దినములలో గది తలుపు మూసికొని వ్రాతకు గూర్చుంటిని. వ్రాసిన గంటలు, చదివిన గంటలు, టెలివిజను చూచిన గంటలు అని మూడు గళ్లు గీసి ఒక చిట్టా పెట్టితిని.

నెలలో నవల యేమిటని నవ్వకుడు. 1934లో ఆంధ్రవిశ్వకళాపరిషత్తువారి నవలల పోటీకై విశ్వనాథ సత్యనారాయణగారు ‘వేయిపడగలు’ను 29 దినములలో ఆశువుగా చెప్పుచుండగా, తమ్ముడు వేంకటేశ్వర్లుగారు వ్రాసిరనుట లోకవిదితము. బహుమానమును ఆ నవలయు, అడవి బాపిరాజుగారి ‘నారాయణరావు’ను పంచుకొన్నవి. ఈ కథ విన్నప్పుడెల్ల మనము ముక్కుపై వేలు వేసికొందుము. నోట చెప్పిన వారి పేరు నిలిచినది; చేత వ్రాసిన వారి పేరును నిలిచినది. మంచిదే. అయితే ఆ 29 దినములు ఆ యింట పొయ్యి వెలిగించిన చేతులెవ్వరివని మనలో నెవ్వడైన అడిగెనా? ఇది ఆ మహాకవిని తప్పుపట్టుట గాదు. మన ప్రశంసలోని కొరతను చూపుట. ఆ కొరత నాలోను ఉన్నది.

నెల ముగిసెను, చిట్టా కూడితిని. వ్రాత 118 గంటలు, చదువు 71 గంటలు, టెలివిజను 64 గంటలు. ఈ 64 గంటలలో నేను చూచినదేమి? వార్తలు, వార్తలపై వాదములు, క్రికెట్టు. నలుగురు పెద్దమనుష్యులు ఒక్కసారిగా అరచుచుండగా చూచి దానిని లోకజ్ఞానమంటిని. అదే తెరపై రాత్రి ఎనిమిదింటికి మా యింటావిడ చూచు గంటసేపటి కథను బుద్ధిమాంద్యమంటిని.

పదునొకండవ నాటి రాత్రి వ్రాత సాగక విసిగి గదినుండి బయటికి వచ్చి, “ఈ ఏడుపుగొట్టు సీరియళ్లతో ఇల్లు పాడైపోతోంది. ఈ గంట ఓ పుస్తకం చదువుకోకూడదూ?” అంటిని. ఆమె మారుమాటాడక టెలివిజను కట్టివేసెను. మరునాడు ఆ వేళకు తెర వెలుగలేదు. సంస్కరణము నెరవేరినదని నేను మురిసితిని. నాలుగు దినములు గడచిన పిమ్మట ఆ గంట యేమైనదో చూతమని వంటయింటి గుమ్మము చేరితిని. ఆమె చేత పుస్తకము లేదు. చింతపండు ముందు బెట్టుకొని గింజ తీయుచున్నది.

“చదవటం లేదేమిటి?” అని యడిగితిని.

“చింతపండు చేతుల్తో పేజీ ఎలా తిప్పనండీ? టీవీ అయితే చెవి అటు పడేసి ఈ పని చేసుకునేదాన్ని. ఇప్పుడు ఉత్త పనే చేసుకుంటున్నాను” అనెను.

చదువరులారా! ముప్పదియేండ్లుగా నేను సభలలో విన్న ఉపన్యాసములన్నిటికంటె ఈ మాటలో హెచ్చు సత్యమున్నది. పుస్తకము రెండు చేతులను, రెండు కన్నులను, చెదరని మనస్సును అడుగును. టెలివిజను ఒక చెవిని, అరకంటిని అడిగి తృప్తిపడును. మన స్త్రీల కాలము ముక్కలు ముక్కలుగా వచ్చును. ఆ ముక్కలలోను చేతులు ఖాళీగా నుండవు. బియ్యమేరుచునో, గోరుచిక్కుడుకాయల ఈనెలు తీయుచునో చదువదగిన నవలను మనము వ్రాయలేదు, వ్రాయజాలము. సీరియలు తీయువాడు మాత్రము తన ప్రేక్షకురాలి బ్రదుకును మనకంటె చక్కగా ఎరిగినవాడు. జరిగిన దానినే ముమ్మారు చూపునని మనము వానిని వెక్కిరింతుము. పాలు పొంగునేమో యని లేచిపోయి వచ్చిన యిల్లాలికి కథ తప్పిపోకుండునది ఆ ముమ్మారు చూపుటవలననే. కావున టెలివిజను ఆమె చదువును హరించలేదు. చదువు హరింపబడిన చోట అది వచ్చి కూర్చున్నది. దానిని లేపివేసినంత మాత్రమున పుస్తకము రాదు, చింతపండు వచ్చును.

ఇది ఒక్క యింటి గొడవ యనవలదు. 2019లో భారతప్రభుత్వపు జాతీయ గణాంక కార్యాలయము దేశమంతట కాలవినియోగ పరిశీలన జరిపినది. ఇంటివారికై జీతము లేని గృహకృత్యములు చేయువారిలో స్త్రీ దినమునకు సగటున 299 నిమిషములు, పురుషుడు 97 నిమిషములు వెచ్చించుచున్నట్లు తేలినది. ఆ 97 నిమిషములైనను పనిలో చేయిపెట్టిన పురుషుల లెక్క మాత్రమే. ఆరేండ్లు మొదలుకొని అందరిని లెక్కింపగా, ఆ పనులలో పాల్గొన్నవారు స్త్రీలలో నూటికి 81 మంది, పురుషులలో నూటికి 26 మంది. దినమునకు 299 నిమిషములనగా నెలకు దాదాపు 150 గంటలు. నేను నవల వ్రాసినది 118 గంటలు! తలుపు మూసికొన్న గదిలో నేను పడిన శ్రమకంటె తలుపు లేని వంటయింటిలో ఆమె పడిన శ్రమ పెద్దది. నా శ్రమకు అట్టపై పేరు వచ్చును. ఆమె శ్రమకు ‘ఇంట్లోనే ఉంటుంది’ అను బిరుదు వచ్చును.

స్త్రీలకు చదువుపై ఆసక్తి లేదందురా? మా ప్రక్కనున్న ఏలూరునుండి 1902లో ‘హిందూసుందరి’ యను స్త్రీల పత్రిక వెలువడినది. భండారు అచ్చమాంబగారి ‘ధనత్రయోదశి’ కథ ఆ యేడే అందు ప్రకటింపబడినది. ఆమె బడికి పోయి చదివినది కాదు. ఇంట తనంతట తాను అభ్యసించినది. తాడేపల్లిగూడెము చెంత బొమ్మిడిలో 1939లో జన్మించిన రంగనాయకమ్మగారికి ఉన్నతపాఠశాల ముగిసిన పిమ్మట కళాశాల చదువు కొనసాగలేదు. అయినను ‘బలిపీఠము’ వంటి నవలలు ఆమె కలమునుండి వచ్చినవి. ఆసక్తి యెన్నడును కరవు కాలేదు. కరవైనది కాలము. నవలలు చదివిన ఆడవారు చెడిపోదురని ఒకనాడు పెద్దలు బెదరించిరి. నేడు నవలలు చదువనందున చెడిపోవుచున్నారని వారి మనుమలమైన మనము బెదరించుచున్నాము. నిందారోపణము మారినది, బోనులో నిలుచున్నది మాత్రము ఆ యిల్లాలే.

దీనికి కొందరు మూడు ఆక్షేపణలు చెప్పుదురు.

సీరియళ్లు అత్తాకోడండ్ర కుత్సితములను, మూఢవిశ్వాసములను నూరిపోయుచున్నవి గదా యని మొదటిది. నిజము. నేను వానిని సమర్థించుట లేదు. విషాహారము తినువానికి హితబోధ చేసిన చాలదు, మంచి యన్నము పెట్టవలెను. తినుటకు తీరికయు నీయవలెను.

గ్యాసు పొయ్యి, మిక్సీ, గ్రైండరు వచ్చినవి, ఇంక పని యెక్కడిదని రెండవది. రోలు పోయినది, నిజమే. రోటితోపాటు మన కోరికలు పోయినవా? ఒక పచ్చడితో సరిపెట్టుకొన్న నాలుక నేడు పూటకొక ఫలహారమడుగుచున్నది. యంత్రము మిగిల్చిన గంటను మన జిహ్వ మ్రింగినది.

స్త్రీలే మమ్ము వంటయింటికి రానీయరని మూడవది. ఒకనాడు పోయి ఉప్పు పారబోసి వచ్చినవానిని ఎవ్వరు రానిత్తురు? నవల వ్రాయుటకు ముప్పది దినములు ఓర్చితిమి గదా. గిన్నె తోముట నేర్చుటకు అంత యోర్పు ఏల లేదు?

పదునాఱవ నాటినుండి రాత్రి ఎనిమిది మొదలు తొమ్మిది వరకు ఆమె చేతిపని నేను పుచ్చుకొంటిని. గొప్ప చేసితినని చెప్పుట లేదు; నా చింతపండులో గింజలు మిగిలినవి. ఆమె వెంటనే పుస్తకము తెరచెనని మీరు తలతురేమో! మొదటి వారము ఆమె ఆ గంటలో నిద్రపోయెను. అలసినవారికి ముందు కావలసినది సాహిత్యము గాదు, నిద్ర. ఆ పిమ్మట ఒకనాడు సీరియలు చూచెను. ఒకనాడు, ఎన్నియో యేండ్ల క్రిందట 61వ పుటలో గుర్తు పెట్టి విడిచిన నవలను వెదకి తీసెను. ఏది చేయవలయునో చెప్పుటకు నేనెవ్వడను? గంట ఆమెది.

నెల చివర నా వ్రాతప్రతి యడిగి పుచ్చుకొని రెండు రాత్రులు చదివెను. చదివి, “బాగానే ఉందండీ. కానీ ఇన్ని పేజీల్లో మీ రాణీగారు ఒక్కసారీ అన్నం తినలేదేమిటి? ఆ కోటలో వండేవాళ్లెవరూ లేరా?” అనెను.

నాకు సమాధానము దొరకలేదు. పెదవేగిలో దొరికిన నందివర్మ తామ్రశాసనములవంటి వానిలో దానమిచ్చిన రాజు పేరుండును, పుచ్చుకొన్నవాని పేరుండును. ఆ యిరువురికి అన్నము వండినవారి పేరుండదు. శాసనము వ్రాసినవాడు ఎట్లు విడిచెనో నేనును అట్లే విడిచితిని. తలుపు మూసికొని వ్రాసిన నవలకు మూసిన తలుపు ఆవలి లోకము కనబడకపోయెను. ఆమెకు గంట దొరకకపోవుట ఆమెకే కాదు, నా నవలకును నష్టమైనది.

కావున సోదరులారా! ఇల్లాలి చేతినుండి రిమోటు లాగుకొనుటకు ముందు ఆమె చేతిలోని చింతపండు పుచ్చుకొనుడు. దినమునకొక గంట, అడుగకయే, మెచ్చుకోలు కోరకయే, ఆమె చేతులను ఖాళీ చేయుడు. ఆ గంటలో ఆమె చదువనిండు, చూడనిండు, నిద్రింపనిండు. ఇది చేయువరకు టెలివిజనును గూర్చి స్త్రీలకు ఉపన్యసింప మనకు అధికారము లేదు. నా మట్టుకు నేను నవలను మొదటినుండి తిరుగవ్రాయుచున్నాను. ఈ మారు కోటలో వంటశాల యున్నది.